మీకు తెలుసా? ఉప్పుగాలిలో సైకిల్ నిక్కరు

సైక్లింగ్ షార్ట్స్ లోపల చెడ్డీ వేసుకోకూడదు. కొత్తగా కొనేవాళ్లకు దుకాణంలో ఈ మాట ఎవరూ చెప్పరు. చెప్పడానికి వాళ్లకు మొహమాటం, అడగడానికి వీళ్లకు సిగ్గు. లోపల కుట్టిన మెత్త నేరుగా ఒంటికి ఆనాలనే దాన్ని కుట్లు గుచ్చుకోకుండా తయారుచేస్తారు. మధ్యలో నూలు చెడ్డీ దూరిందంటే దాని అంచు తొడమూలంలో ఒరుసుకోవడం మొదలవుతుంది. నిమిషానికి 80 సార్లు పెడల్ తిప్పేవాడికి గంటకు 4,800 సార్లు. సాయంత్రానికి ఏమవుతుందో ఊహించుకోండి.

అంటే పైకి నిక్కరులా కనిపించేది అసలు లోదుస్తే. లోదుస్తుకు ఏ నియమమో దీనికీ అదే, ఏ రోజుది ఆ రోజు ఉతకాలి. ‘నిన్న తొక్కింది కాస్తేగా’ అని మర్నాడు అదే తగిలించుకుంటే, చెమటలో రాత్రంతా పెరిగిన సూక్ష్మజీవుల మీద కూర్చుని బయల్దేరినట్టే.

ఇంత చిన్న విషయం ఎంత దూరం పోగలదో 1987లో స్పెయిన్ దేశపు పెద్ద సైకిల్ పందెం వుయెల్టాలో కనబడింది. ఐర్లండ్ వీరుడు షాన్ కెల్లీ అందరికంటే ముందున్నాడు. పందెం ముగింపు ఇంకెంతో దూరం లేదు. సీటు మీద ఆనే చోట లేచిన సెగ్గడ్డ భరించలేక దిగిపోయాడు. కొలంబియాకు చెందిన లూయిస్ హెరెరా గెలిచాడు. కెల్లీ మరుసటి ఏడాది వచ్చి అదే పందెం గెలిచాడనుకోండి, అది వేరే సంగతి. అంతకుముందు 1955లో లూయీసన్ బోబే ఇలాంటి పుండ్లతోనే ఫ్రాన్స్ దేశపు పెద్ద సైకిల్ పందెం గెలిచి, ఆ తర్వాత శస్త్రచికిత్సకు వెళ్లాడు.

ఆ రోజుల్లో నిక్కర్లు ఉన్నివి. లోపల మెత్తగా పదును చేసిన తోలు ముక్క కుట్టేవారు. ఉతికి ఆరేస్తే తోలు అట్టలా బిగుసుకుపోయేది, దాన్ని మళ్లీ మెత్తబరచడానికి క్రీము రాసేవారు. ఇవాళ తోలు పోయింది, క్రీము మాత్రం మిగిలింది. ఇప్పుడది నిక్కరు కోసం కాదు, చర్మం కోసం. సాగే దారం స్పాండెక్స్‌ను 1958లో డ్యూపాంట్ కంపెనీ రసాయన శాస్త్రవేత్త జోసెఫ్ షివర్స్ కనిపెట్టాడు. లైక్రా అన్నది దాని వ్యాపార నామం. సైకిల్ నిక్కరుకు ఆ గుడ్డ 1970లలో వచ్చింది. వేడినీళ్లూ బ్లీచింగూ ఇస్త్రీపెట్టె వేడీ దానికి గిట్టవు. గంజి సంగతి చెప్పనక్కర్లేదు.

ఇక మన తీరానికి వద్దాం. కావలి పక్కన తుమ్మలపెంట దగ్గర మొదలుపెట్టి ఇస్కపల్లి, రామతీర్థం, మైపాడు, కోడూరు, కృష్ణపట్నం, తూపిలిపాళెం, దుగరాజపట్నం మీదుగా పులికాట్ అంచు పట్టుకుని తడ దాకా పాత నెల్లూరు జిల్లా తీరం సైకిల్‌కు అనువైన నేల. ఎత్తుపల్లాలు లేవు. జాతీయ రహదారి దిగితే లారీల గోలా తక్కువే. ఇక్కడ నిక్కరుకు శత్రువు చెమటే అనుకుంటారు. చెమటతో పాటు మూడు వైపుల నుంచి ఉప్పు కూడా వస్తుంది. ఒంటి చెమటలోది ఒకటి, సముద్రం మీది గాలిలోది ఒకటి, ఉతికే నీళ్లలోది ఒకటి. మొదటి రెండింటినీ ఆపలేం. మూడోది మన చేతిలో ఉంది.

లీటరు చెమటలో రెండు మూడు గ్రాముల ఉప్పుంటుంది. ఈ తీరాన ఎండలో తొక్కేవాడికి గంటకు లీటరు చెమట పెద్ద లెక్క కాదు. మధ్యాహ్నం చెట్టుకింద ఆగినప్పుడు నల్లనిక్కరు మీద తెల్లటి చారలు కనిపిస్తాయే, అవి ఇవే. ఆరిన ఉప్పు రవ్వలు గరుకుకాగితంలా చర్మాన్ని గీకుతాయి. సాయంత్రానికి మంట పుట్టిందంటే సగం కారణం సీటు కాదు, ఈ రవ్వలే.

సరే, ఎదురుగా అంత సముద్రం ఉందిగా, మైపాడు అలల్లో ఒకసారి జాడిస్తే పోలా? పోదు. సముద్రపు నీళ్లలో లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పుంటుంది. నదులు కలిసేచోట, వానల తర్వాత కాస్త తగ్గుతుంది. గట్టిగా పిండాక కూడా నిక్కరులో, ముఖ్యంగా మెత్తలో, వంద మిల్లీలీటర్ల నీళ్లు నిలిచాయనుకోండి. అవి ఆరితే మూడు గ్రాములకు పైగా ఉప్పు అక్కడే మిగులుతుంది. లీటరు చెమట వదిలే ఉప్పును ఉతుకు పేరుతో మనమే తెచ్చి పోసుకున్నట్టు.

అంతకన్నా తమాషా ఇంకోటుంది. ఆ నిక్కరు ఆరదు. మామూలు ఉప్పు, గాలిలో తేమ 75 శాతం దాటితే నీటిని లాక్కుని కరగడం మొదలుపెడుతుంది. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉంటుంది, అది ఇంకా తక్కువ తేమకే చెమ్మగిల్లుతుంది. వానాకాలంలో వంటింటి ఉప్పుజాడీ చెమర్చేది ఇందుకే. తీరాన తెల్లవారుజామున తేమ 75 శాతం దాటడం మామూలు కాబట్టి, రాత్రి ఆరిందనుకున్న నిక్కరు పొద్దున ఐదింటికి చేత్తో పట్టుకుంటే చల్లగా, జిగటగా తగులుతుంది. ఎవరో నీళ్లు చల్లారని అనుమానపడనక్కర్లేదు. ఉప్పు తన పని తాను చేసుకుపోయింది.

సముద్రపు నీళ్లలో సబ్బు నురగ రాదని మనవాళ్లందరికీ తెలుసు. కారణం కాల్షియం, మెగ్నీషియం. అవి సబ్బుతో కలిసి నీటిలో కరగని తెల్లటి మడ్డిగా మారతాయి. తీరపల్లెల్లో చాలా బోర్ల నీళ్లూ ఇంతే, బకెట్టుకు అడుగున తెల్లపొర కడతాయి. చీర మీద ఆ మడ్డి పడితే కాస్త మాసినట్టు కనిపిస్తుంది, అంతే. మెత్త లోపల చేరితే అది పొడి అయ్యి చర్మాన్ని గీరుతుంది. అందుకని ఇక్కడ బట్టల సబ్బు కన్నా బడ్డీకొట్టు షాంపూ ప్యాకెట్టు మేలు. షాంపూలో ఉండేది సబ్బు కాదు, ఉప్పునీళ్లలో కూడా పనిచేసే డిటర్జెంటు, పైగా చర్మానికి మెత్తన. ఒక ప్యాకెట్టు ఒక నిక్కరుకు ఎక్కువే. కండిషనర్ కలిపిన రకం మాత్రం వద్దు, అందులోని జారుడు పదార్థం పోగుల మీద పొర కట్టి చెమటను బయటికి పోనివ్వదు. బట్టలకు మెత్తదనమూ సువాసనా ఇస్తామనే ద్రవాలతోనూ ఇదే చిక్కు.

షాంపూ దొరక్కపోతే కుంకుడుకాయ. కుంకుడు నురగ ఇచ్చే సాపోనిన్లకు ఉప్పునీళ్ల భయం లేదు. పట్టుచీరలకు అమ్మమ్మలు వాడిన మందే లైక్రాకూ సరిపోతుంది. రసం వడగట్టకపోతే మాత్రం పిప్పి మెత్తలో ఇరుక్కుని మర్నాడు రోడ్డు మీద మిమ్మల్ని పలకరిస్తుంది.

షాంపూ ఉన్నా, కుంకుడు ఉన్నా చివరి జాడింపుకు తియ్యనీళ్లు కావాలి. ఈ తీరంలో సైకిల్ యాత్రకు మజిలీలు వేసుకోవాల్సింది లాడ్జీలను బట్టి, చేపల పులుసు బాగుండే మెస్సులను బట్టి కాదని నా గట్టి అభిప్రాయం. తియ్యనీళ్లు ఎక్కడున్నాయో చూసుకుని వేసుకోవాలి. పులుసు ఎటూ అంతటా బాగానే ఉంటుంది.

తియ్యనీళ్లు ఎక్కడుంటాయో తెలుసా? సముద్రానికి ఆనుకుని ఉన్న ఇసుకదిబ్బల కిందే. వినడానికి వింతగా ఉంటుంది గానీ, దిబ్బ మీద పడిన వాన ఇసుకలోకి ఇంకి, లోపలి ఉప్పునీటి మీద తేలుతూ నిలుస్తుంది. మంచినీళ్లు తేలిక, ఉప్పునీళ్లు బరువు. 1888 ప్రాంతంలో డచ్చి సైనికాధికారి బాడన్ గైబెన్, 1901లో జర్మనీకి చెందిన హెర్జ్‌బెర్గ్ విడివిడిగా దీని లెక్క తేల్చారు. సముద్రమట్టానికి పైన ఒక మీటరు ఎత్తున మంచినీళ్లుంటే, కింద సుమారు 40 మీటర్ల లోతు దాకా మంచినీళ్లే ఉంటాయి.

ఈ లెక్క కాగితం మీదికి ఎక్కకముందే మన తీరపు రైతు దొరువు తవ్వుకున్నాడు. ఇసుకలో లోతు లేని వెడల్పాటి గుంట, అందులో ఊరేది పైపొర తియ్యనీళ్లు. కడవతో ముంచి పాదులకూ నారుమళ్లకూ పోసుకునేవారు. ఇందులోని తెలివంతా తొందరపడకపోవడంలో ఉంది. మోటారు పెట్టి గుంజితే కింది ఉప్పునీళ్లు ఎగదన్నుకొస్తాయి, ఆ తర్వాత ఆ చోటు ఎన్నాళ్లకు కోలుకుంటుందో చెప్పలేం. బాపట్లలోని ఉప్పునీటి పరిశోధకులు ఈ పాత పద్ధతినే పట్టుకుని, ఇసుకలో అడ్డంగా చిల్లుల పైపులు పరిచి నీళ్లు నిదానంగా ఒక సంపులోకి చేరేలా మెరుగుపరిచారు.

దిబ్బ మీది దొరువుకూ, దిబ్బకు పడమటి పక్కనున్న బోరుకూ వంద గజాల తేడాలో రుచి మారిపోవచ్చు. 1990ల నుంచి రొయ్యల గుంటలు విస్తరించి ఉప్పునీళ్లు లోపలికి చొచ్చాక ఆ తేడా ఇంకా పెరిగింది. రొయ్యల సాగు మీద సుప్రీంకోర్టు 1996 డిసెంబరులో ఇచ్చిన తీర్పులో తాగునీళ్లు ఉప్పుబారడం కూడా ఒక ముఖ్య ఫిర్యాదు. కాబట్టి పాత మ్యాపు చూసి ‘ఇక్కడ బావి ఉంది’ అని నమ్మకండి. పట్టపుపాళెంలో, అంటే చేపలు పట్టేవాళ్ల పల్లెలో, బిందెతో ఎదురొచ్చే ఆడవాళ్లను అడగండి. ‘అక్కా, తియ్యనీళ్లు యాడ దొరుకుతాయి?’ అంటే వేలు పెట్టి చూపిస్తారు. ఒక మర్యాద మాత్రం పాటించాలి. దొరువులో నిక్కరు ముంచకూడదు. నీళ్లు చేదుకుని, నాలుగడుగులు కిందికి, దూరంగా పోయి ఉతుక్కోవాలి. అవి వాళ్లు తాగే నీళ్లు.

దారిలో పొడుగ్గా కనిపించే బకింగ్‌హాం కాలవ చూసి మోసపోకండి. 1806లో మద్రాసు ఉత్తరాన చిన్న కాలవగా మొదలై, 1876–78 కరువులో పని కోసం వచ్చిన జనం చేతుల మీద సాగిన కాలవ అది. ఆనాటి మద్రాసు గవర్నరు బకింగ్‌హాం డ్యూక్ పేరు పెట్టారు. సముద్రపు పోటు లోపలికి వస్తుంది గనక ఆ నీళ్లు చాలాచోట్ల ఉప్పగానే ఉంటాయి. పులికాట్ నీళ్లూ అంతే. వాటిలో ఫ్లెమింగోలు నిలబడటం ముచ్చటే, నిక్కరు జాడించడం ముచ్చట కాదు.

ఆరబెట్టడంలో ఒక కిటుకు. మెలిపెట్టి పిండితే మెత్త మడతలు పడి ఉండలు కడుతుంది. దానికి బదులు నిక్కరును పొడి తుండుగుడ్డ మీద పరిచి, రెండూ కలిపి చాపలా చుట్టి, ఆ చుట్ట మీద పాదాలతో నిలబడండి. సగం నీళ్లు తుండు తాగేస్తుంది. తర్వాత తిరగేసి, మెత్త పైకి వచ్చేలా ఆరేయాలి. ఎండ తగలాల్సింది దానికే. సూక్ష్మజీవులకు ఎండ పడదు, లైక్రాకూ అంతగా పడదు, కాబట్టి పైగుడ్డకు నీడ, లోపలి మెత్తకు ఎండ. రాత్రయితే కిటికీ దగ్గర కాదు, లాడ్జి ఫ్యాను కింద. పొద్దుటికీ తడి మిగిలితే వెనక సంచికి నాలుగు పిన్నీసులు పెట్టి తగిలించుకోండి, తొమ్మిదింటికల్లా ఆరుతుంది. దారిన పోయేవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఎన్ని జతలు? రెండు. ఒకటి ఒంటి మీద, ఒకటి తీగ మీద. మూడోది బరువు. ఆ బరువులో ఒక గళ్ల లుంగీ పెట్టుకోండి.

లుంగీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఈ తీరంలో రోజూ సైకిల్ తొక్కేవాళ్లు లైక్రా ఎరగరు. వెనక చేపల బుట్ట కట్టుకుని లుంగీ మడిచి తొక్కుకుపోతారు. వాళ్ల సీటు వెడల్పు, కింద స్ప్రింగులు, నడుం నిటారు, ఊరికో చోట దిగడం. గాలి ఆడుతుంది, ఒరుపు లేదు. వంగి తొక్కే సన్నసీటు సైకిల్ మీద గంటలకొద్దీ కూర్చునేవాళ్లకే మెత్త కావాలి. అయితే దిగిన తర్వాత మాత్రం వాళ్ల పద్ధతే మనకూ మందు. ఆగిన పది నిమిషాల్లో తడినిక్కరు విప్పేయాలి. తొక్కేటప్పుడు ఒరుసుకున్న చోటు, దిగి టీ తాగుతూ కబుర్లు చెప్పుకునే గంటలో తడికి ఇంకా ముదురుతుంది. బాత్రూం దొరకదా? లుంగీ చుట్టుకుని దాని లోపలే మార్చుకోవచ్చు. పైగా ఒంటికి అతుక్కున్న నల్లనిక్కరుతో పల్లెటూరి మెస్సులోకి నడిస్తే తినేవాళ్ల చేతులు ఆగుతాయి. లుంగీ చుట్టుకుంటే ఎవరూ తలెత్తరు. రామతీర్థంలోనో మల్లాంలోనో గుడికి వెళ్లాలన్నా కాళ్లు కప్పుకోక తప్పదు.

ఆడవాళ్లకు దారిలో నిక్కరు విప్పడం మరింత ఇబ్బంది. భుజాల మీద పట్టీలుండే నిక్కరు బొడ్డు దగ్గర నొక్కదని పొగుడుతారు గానీ, మూత్రానికి వెళ్లాలంటే పైచొక్కా దాకా విప్పాలి. మరుగుదొడ్డి దొరకని తీరం రోడ్డు మీద అది పెద్ద సమస్య, దాని భయంతో నీళ్లు తాగడం మానేస్తే ఇంకా పెద్ద సమస్య. నడుం దగ్గర వెడల్పు పట్టీ ఉన్న మామూలు రకమే నయం. మెత్తలో కూడా ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఆకారం వేరు. అన్నయ్యది అడిగి తెచ్చుకోవడం పనికిరాదు.

ఇక గుడ్డ సంగతి. 1620లలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీ దుగరాజపట్నం దగ్గర ఆర్మగాన్ అనే స్థావరం పెట్టింది ఇక్కడి నూలుగుడ్డల కోసమే. అక్కడి నుంచి వెళ్లిన ఫ్రాన్సిస్ డే 1639లో మద్రాసు స్థలం సంపాదించాడు. అంత పేరున్న నూలు సైకిల్ మీద ఎందుకు పనికిరాదంటే, అది తేమను వదలదు. మామూలు గాలిలోనే నూలు తన బరువులో ఏడెనిమిది శాతం తేమ పట్టుకుంటుంది, పాలిస్టర్ అర శాతం కూడా పట్టదు. కానీ పాలిస్టర్‌కు ఒక జబ్బుంది, కంపు. 2014లో బెల్జియంలోని ఘెంట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు వ్యాయామం చేసినవాళ్ల చొక్కాలు వాసన చూపించి మరీ తేల్చారు, నూలు కన్నా పాలిస్టరే ఎక్కువ కంపు కొట్టింది. వాసన పుట్టించే మైక్రోకాకస్ జాతి జీవులు దాని మీదే బాగా పెరిగాయట. తొక్కేటప్పుడు పాలిస్టర్, పడుకునేటప్పుడు నూలు. ఈ ఒప్పందం చర్మానికి నచ్చుతుంది.

ఒరుపు తగ్గడానికి కొబ్బరినూనె, పెట్రోలియం జెల్లీ రాసుకునేవాళ్లున్నారు. పనిచేస్తాయి గానీ జిడ్డు మెత్తలోకి దిగి చన్నీళ్లకు ఒక పట్టాన వదలదు. నీటిలో కలిసే క్రీము అయితే ఉతుకు తేలిక.

గజ్జల్లో గుండ్రంగా, అంచు ఎర్రగా పాకే దురద వచ్చిందా, అది తామర. మందులషాపులో ‘అన్నిటికీ పనిచేస్తుంది’ అంటూ ఇచ్చే ట్యూబులు కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. రెండ్రోజులు దురద ఆగుతుంది, ఆ చల్లదనంలో బూజు లోపల హాయిగా పాకుతుంది. మన దేశంలో మొండి తామర ఇంతగా పెరగడానికి ఈ ట్యూబులే ఒక కారణమని చర్మవైద్యులు మొత్తుకుంటున్నారు. 2018లో కేంద్రం స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన జాబితాలో చేర్చింది. చీటీ అడిగే షాపు ఎన్నో ఊళ్లు దాటితే గాని తగలదు.

ఎప్పుడు వెళ్లాలి? అక్టోబరు నుంచి డిసెంబరు మధ్య దాకా ఈ తీరానికి ఈశాన్య రుతుపవనాల వానలు, తుపానులు. మే నెలలో వడగాలి. జనవరి, ఫిబ్రవరి నయం. జనవరిలో గాలి ఇంకా ఈశాన్యం నుంచే వీస్తుంది గనక కావలి నుంచి తడ వైపు దిగితే వీపున తోస్తుంది. ఎదురుగాలిలో కదలకుండా సీటుకు అతుక్కుపోతాం, తోడుగాలిలో అప్పుడప్పుడు లేచి తొక్కుతాం. కొన్ని నిమిషాలకోసారి సీటు మీద నుంచి లేవడం ఏ క్రీమూ ఇవ్వలేని సుఖం ఇస్తుంది.

సూళ్లూరుపేట దాటి రాకెట్లు లేచే శ్రీహరికోట వైపు చూస్తే ఒకటి గుర్తు రావాలి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో బట్టలు ఉతకరు, ఉతకడానికి అంత నీరు లేదు. వ్యోమగాములు రోజూ రెండు గంటలు వ్యాయామం చేసి, ఆ బట్టలను కొన్నాళ్లు వేసుకుని, చెత్త నింపిన వ్యోమనౌకలో పెట్టి పంపేస్తారు. భూమి వాతావరణంలోకి రాగానే అవి కాలిపోతాయి. అక్కడ వ్యాయామపు సైకిల్ కూడా ఉంది. దానికి సీటు లేదు. బరువే లేని చోట కూర్చునేదేముంది!

మనకు బరువుంది, సీటుంది, కాబట్టి నిక్కరు ఎప్పుడు మార్చాలో తెలియాలి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే వెనక గుడ్డలోంచి వేళ్లు కనబడితే దాని ఆయుష్షు తీరింది. మీ వెనక తొక్కేవాళ్లకు ఆ సంగతి ముందే తెలిసుంటుంది. మెత్తను బొటనవేలితో నొక్కి వదిలితే గుంట అలాగే ఉండిపోయినా అంతే. కత్తిరించి పెట్టుకుంటే గొలుసు తుడవడానికి దానికి మించిన గుడ్డ లేదు, అప్పుడు ఉతకక్కర్లేదు కూడా.